బల్బు ఆర్పితే బిల్లు తగ్గదు

నెల తిరిగేసరికి మీటరు చూసే కుర్రవాడు వస్తాడు. చేతి మిషనులోంచి చీటీ చింపి గుమ్మంలో పెట్టి పోతాడు. చీటీ మీద అంకె చూసిన గృహస్థు చేసే మొదటి పని ఇల్లంతా తిరిగి దీపాలు ఆర్పడం. రెండవ పని పిల్లలను కేకలేయడం. మూడవది వంటింటి వైపు చూసి, ఆ మిక్సీ, ఆ గ్రైండరు అంతసేపు తిప్పకపోతేనేం అని సణగడం. బెజవాడ సత్యనారాయణపురం వాటాల్లోనూ, పటమట అపార్టుమెంట్లలోనూ, గుణదల కొండ మీది రేకుల ఇళ్లలోనూ ఎండాకాలం బిల్లు వచ్చిన రోజున జరిగే తంతు ఇదే. మరుసటి నెల బిల్లు మాత్రం తగ్గదు.

పొదుపు చేయాలన్న కోరిక లేక కాదు. ఎక్కడ చేయాలో తెలియక. ఇప్పుడు ఇళ్లలో వెలిగే ఎల్.ఇ.డి. బల్బు 9 వాట్లది. ఎవరో మరచిపోయి రాత్రి పది గంటలపాటు దాన్ని అలాగే వదిలేశారనుకుందాం. కాలే కరెంటు యూనిటులో పదో వంతు కూడా కాదు. ఎంత ఖరీదైన యూనిటు లెక్కన వేసినా రూపాయిలోపే. వెనకటి 60 వాట్ల బుడ్డి బల్బుల రోజుల్లో ఆ కోపానికి అర్థం ఉండేది. బల్బు మారింది, కోపం మాత్రం మారలేదు.

వంటింటి మీది నింద ఇంకా అన్యాయం. 500 వాట్ల మిక్సీ రోజూ పది నిమిషాలు తిరిగితే నెలకు రెండున్నర యూనిట్లు. 150 వాట్ల గ్రైండరులో రోజు విడిచి రోజు అరగంట పిండి రుబ్బితే నెలకు యూనిటు పైచిల్లర. రెండూ కలిపినా నాలుగు యూనిట్లు దాటవు. చట్నీ మానేసి ఇల్లు బాగుపడదు. అదే ఇంట్లో ముందుగదిలో టి.వి. కింద పెట్టిన కేబుల్ పెట్టె ఉంటుంది. టి.వి.ని రిమోటుతో ఆర్పినా ఆ పెట్టె రాత్రింబగళ్లు వెచ్చగానే ఉంటుంది. పది వాట్ల చొప్పున వేసుకున్నా నెలకు ఏడు యూనిట్లు మింగుతుంది. దాన్ని ఎవరూ కేకలేయరు. గోడ దగ్గర స్విచ్చి నొక్కితే సరిపోయే పని అది.

చివరి యూనిట్ల మహిమ

కరెంటు బిల్లు కూరగాయల బిల్లు వంటిది కాదు. కిలో ఇంత అని ఒకే ధర ఉండదు. మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 సంవత్సరానికి నిర్ణయించిన గృహ వినియోగపు రేట్లు చూస్తే సంగతి బోధపడుతుంది. మొదటి 30 యూనిట్లకు ఒక్కొక్కదానికి రూ. 1.90. ఆ తరువాత 75 వరకు 3 రూపాయలు. 125 వరకు నాలుగున్నర. 225 వరకు 6 రూపాయలు. అక్కడినుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు.

ఈ లెక్కన నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ఖరీదు రూ. 1,673 అవుతుంది. అదే ఇల్లు 225 యూనిట్లతో సరిపెట్టుకుంటే రూ. 1,017. తగ్గించింది పావు వంతు కరెంటు. తగ్గిన సొమ్ము మాత్రం నూటికి నలభై రూపాయలకు దగ్గర. స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు వగైరా వీటికి అదనం. సర్దుబాటు కూడా యూనిట్ల లెక్కనే వస్తుంది గనుక యూనిట్లు తగ్గితే అదీ తగ్గుతుంది.

అంటే ఇంట్లో అన్ని యూనిట్లూ ఒకటి కావు. మొదటి ముప్పయి యూనిట్లు చవక. చివరి డెబ్బయి అయిదు యూనిట్లే ఇంటి నడ్డి విరుస్తున్నాయి. సామాన్య గృహస్థు పట్టుకోవలసింది ఆ డెబ్బయి అయిదునే. అవి ఎక్కడున్నాయి?

తలపైనే తిరుగుతున్న ఖర్చు

అవి చాలావరకు పైకప్పుకు వేలాడుతున్నాయి. తెలుగుదేశంలో ఫ్యాను విలాస వస్తువు కాదు. శివరాత్రికి చలి పోయిన దగ్గరనుంచి దీపావళి దాకా అది ఆగదు. మధ్యలో వర్షాలొచ్చినా ఉక్కపోత దాన్ని ఆగనివ్వదు. పాతరకం సీలింగు ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితే సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. మూడు ఫ్యాన్లున్న ఇంట్లో అన్నీ కలిపి రోజుకు 40 గంటలు తిరగడం ఎండాకాలంలో మామూలు విషయం. రోజుకు మూడు యూనిట్లు. నెలకు తొంభై. ఫ్యానే కదా అని ఎవరూ లెక్కలోకి తీసుకోని వస్తువు బిల్లులో మూడో వంతు తినేస్తున్నది.

కొన్నేళ్లుగా బజారులో బి.ఎల్.డి.సి. రకం ఫ్యాన్లు దొరుకుతున్నాయి. లోపలి మోటారులో అయస్కాంతాలు, చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంటాయి. అదే గాలికి ఇవి 30 వాట్లకు అటూ ఇటూగా తీసుకుంటాయి. పైన చెప్పిన 40 గంటలకు నెలకు అయ్యేది 36 యూనిట్లు. మిగిలేవి 54. పట్టుకోవలసిన డెబ్బయి అయిదులో యాభై నాలుగు ఇక్కడే దొరికాయి. చివరి మెట్టు రేటున అవి నెలకు 470 రూపాయలు.

మరి జనం ఎందుకు మార్చుకోవడంలేదు? ఫ్యాను ఒక్కొక్కటి మూడు వేల రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. మూడింటికి తొమ్మిది వేలు. రెండేళ్లలో ఆ డబ్బు తిరిగివస్తుందని చెప్పడం తేలిక. బడి ఫీజులు, ఆస్పత్రి ఖర్చులు చూసుకునే గుమాస్తా చేతిలో ఒక్కసారిగా తొమ్మిది వేలు ఉండవు. పైగా పాత ఫ్యాను తిరుగుతూనే ఉన్నది. తిరుగుతున్న ఫ్యానును దింపి పారెయ్యడానికి తెలుగువాడికి మనసొప్పదు. కాలిపోతే వైండింగు చేయించి మళ్లీ ఎక్కిస్తాడు. కొత్తరకం ఫ్యానులో ఆ పలక పాడైతే వీధి చివరి మెకానిక్ బాగుచేయలేడన్న భయమూ ఉన్నది. ఆ భయం పూర్తిగా అర్థంలేనిది కాదు. హామీ ఎన్నేళ్లో, మరమ్మతు ఊళ్లో దొరుకుతుందో లేదో విచారించి కొనాలి. అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు కూడా. ఇంట్లో అందరికంటె ఎక్కువసేపు తిరిగే ఫ్యాను ఏదో చూసి, ముందు దానిని మార్చవచ్చు. సాధారణంగా అది ముసలివారు పడుకునే గదిలోదో, వంటింటి పక్క గదిలోదో అవుతుంది.

సీలింగు ఫ్యాన్లకు నక్షత్రాల లేబులు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. కొనేటప్పుడు నక్షత్రాలతోపాటు వాట్ల అంకె కూడా చూడాలి. చాలామంది రెక్కల మీది పువ్వులు చూసి కొంటున్నారు!

బల్బుకు జరిగింది ఫ్యానుకు ఎందుకు జరగదు?

ఇక్కడ ఒక పాత సంగతి జ్ఞాపకం చేసుకోవాలి. 2014 చివరిలో గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం, అనంతపురం జిల్లాల్లో ఒక పథకం మొదలుపెట్టారు. పాత 60 వాట్ల బల్బు తెచ్చి ఇస్తే పది రూపాయలకు 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు చేతికిచ్చారు. ఇంటికి రెండు. అప్పటికి ఎల్.ఇ.డి. బల్బు అంటే వందల రూపాయల సరుకు. ఆ తరువాత 2015 జనవరిలో ఇది దేశమంతటికీ విస్తరించింది. టోకున కొనడంవల్ల ధర పడిపోయింది. ఈనాడు కిరాణా కొట్టులో కూడా అదే బల్బు దొరుకుతుంది. బుడ్డి బల్బు కావాలంటే వెతకాలి.

జనాన్ని ఉపన్యాసాలతో మార్చలేదు. బల్బు ధర తగ్గించి, ఊరి దగ్గరకు తెచ్చి ఇచ్చారు. మార్చుకున్నారు. ఫ్యాను విషయంలోనూ కావలసింది అదే. పంపిణీ సంస్థలు ఫ్యాన్లను టోకున కొని వినియోగదారుకు ఇచ్చి, సొమ్మును నెల నెలా బిల్లులోనే వాయిదాలుగా రాబట్టుకోవచ్చు. మూడు వేల ఫ్యాను మీద నెలకు 125 రూపాయల చొప్పున రెండేళ్లు కడితే సరిపోతుంది. పై మెట్టులో ఉన్న ఇంటికి ఎక్కువసేపు తిరిగే ఒక్క ఫ్యాను మీదనే అంతకంటె ఎక్కువ మిగులుతుంది. బిల్లు చీటీ వెనుక పొదుపు నినాదాలు అచ్చువేయడం కంటె ఇది సంస్థలకూ మేలు. మే నెల రాత్రి పదింటికి అందరి ఎ.సి.లూ ఒక్కసారి లేచినప్పుడు, బహిరంగ మార్కెట్టులో హెచ్చు ధరకు కరెంటు కొనేది ఆ సంస్థలే. ఆ ధర ఏడాది తిరిగాక సర్దుబాటు పేరిట వచ్చి మళ్లీ వినియోగదారు నెత్తినే పడుతుంది.

వాటా ఇళ్ల గోడు

ఈ జిల్లాలో కరెంటు బిల్లు గురించి చెప్పవలసిన అసలు మాట ఇంకొకటి ఉన్నది. బెజవాడలో సగటు మనిషి అద్దె మనిషి. ఒక డాబాలో కింద ఒక వాటా, పైన ఒక వాటా, వెనుక పెరటివైపు ఇంకొకటి. మూడు సంసారాలు. మీటరు ఒకటి.

పైన చెప్పిన మెట్ల లెక్క ఇక్కడ ఎలా తిరగబడుతుందో చూడండి. ఒక్కొక్క వాటాలో 150 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. రెండు వాటాలకు విడివిడి మీటర్లుంటే ఒక్కొక్కరికి రూ. 567 అవుతుంది. ఇద్దరిదీ కలిపి రూ. 1,134. అదే ఇద్దరూ ఒకే మీటరు కింద ఉంటే మొత్తం 300 యూనిట్లు. అప్పుడు రూ. 1,673. ఎవరూ ఒక్క యూనిటు ఎక్కువ కాల్చలేదు. అయినా 539 రూపాయలు అదనం. మూడు వాటాలు, 120 యూనిట్ల చొప్పున అయితే ఆ అదనం నెలకు వెయ్యి దాటుతుంది. పేదవాడు చవక మెట్టు మీద నిలబడడానికి పెట్టిన రేటు, ఒకే మీటరు కింద ముగ్గురు కలిసేసరికి వాణ్ణి పై మెట్టుకు ఎక్కిస్తున్నది.

ఇంటి యజమానులు చాలామంది సబ్ మీటరు పెట్టి యూనిటుకు ఇంత అని ఒకే రేటు వసూలు చేస్తారు. చివరి మెట్టు రేటే అందరికీ వేసేవారున్నారు. ఆ అద్దె ఇంట్లో ఇల్లాలు ఎంత పొదుపు చేసినా మొదటి యూనిటుకూ చివరి యూనిటుకూ ఒకే ధర. కేకలు మాత్రం ఆమెకే.

యజమానుల వైపు మాటా వినాలి. కొత్త మీటరుకు డిపాజిట్టు కట్టాలి, వైరింగు విడదీయాలి, మేస్త్రీని పెట్టుకోవాలి. అద్దెవారు బిల్లు ఎగవేసి ఖాళీచేసి పోతే బాకీ ఇంటి మీదనే ఉంటుంది. ఇవి నిజమైన ఇబ్బందులే. కాని నెలకు అయిదువందలు, వెయ్యి ఊరకనే పోతున్నచోట ఆ ఖర్చు ఏడాది రెండేళ్లలో తీరిపోతుంది. అద్దె అడ్వాన్సులోనే చివరి నెల బిల్లు పట్టుకునే ఆనవాయితీ ఉండనే ఉన్నది. వాటాకు విడి వంటిల్లు, విడి గుమ్మం ఉంటే విడి కనెక్షను అడగడంలో తప్పులేదు. ఒకే సంసారం రెండు మీటర్లు పెట్టుకుని మెట్లను మోసగించడం వేరు, అది కూడని పని. రెండు సంసారాలకు రెండు మీటర్లు న్యాయం.

దరఖాస్తు పెడితే ఎన్నాళ్లకు వస్తుందో అన్న సందేహం అక్కరలేదు. కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024 ఫిబ్రవరిలో సవరించారు. దాని ప్రకారం మహానగరాల్లో మూడు రోజులలో, ఇతర పురపాలక ప్రాంతాల్లో ఏడు రోజులలో, పల్లెల్లో పదిహేను రోజులలో కొత్త కనెక్షను ఇవ్వాలి. మీటరు ఎక్కువ తిరుగుతున్నదని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన మరొక మీటరు పెట్టి సరిచూడాలి. ఈ గడువులు సెక్షను ఆఫీసు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం అధికారులకు పెద్ద పనేమీ కాదు.

పక్కనున్న తెలంగాణలో సంగతి ఇంకా తీవ్రం. అక్కడ 2024 మార్చి బిల్లుల నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. 201వ యూనిటు కాలితే ఆ నెల బిల్లంతా కట్టాలి. హైదరాబాదులో ఒకే మీటరు కింద ఉన్న వాటాల వారిలో ఒక్కొక్కరూ తక్కువే కాల్చినా, అందరిదీ కలిపి 200 యూనిట్లు దాటితే ఎవరికీ ఉచితం దక్కదు. ఈ జిల్లానుంచి వెళ్లి అక్కడ కాపురాలు చేస్తున్న పిల్లలు ఇల్లు వెతికేటప్పుడు నీళ్లు, దారి మాత్రమే కాక మీటరు కూడా అడిగి చేరడం మంచిది.

డాబా కాచిన వేడి

అద్దెవారి ఇక్కట్లు మీటరుతో అయిపోవు. పై వాటాలో ఉన్నవారు పగలంతా డాబా తాగిన ఎండను రాత్రంతా అనుభవిస్తారు. మొగల్రాజపురం, గుణదల వైపు అయితే కొండ రాళ్ల సెగ కూడా తోడు. ఆ గదిలో ఎ.సి. పెట్టినా సగం కరెంటు కప్పు వేడితో పోట్లాడడానికే సరిపోతుంది.

ఈ వేడికి విరుగుడు పెద్దవాళ్లకు తెలుసు. డాబా మీద చిక్కగా సున్నం కొట్టించేవారు. తాటాకు పందిరి వేయించేవారు. తెల్లటి కప్పు ఎండను వెనక్కు పంపుతుంది. సున్నానికి బదులు ఇప్పుడు తెల్ల రంగులు, తెల్ల పలకలు కూడా వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ఒకటి ప్రకటించి, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త భవనాలకు దానిని తప్పనిసరి చేసింది. ఎండలో రామగుండానికి తీసిపోని బెజవాడకు ఇది అవసరం లేదని ఎవరూ అనలేరు. అయితే కప్పు ఎవరిది? యజమానిది. ఉడికేది ఎవరు? అద్దెవారు. సున్నం బస్తా ఖరీదు ఎవరు పెట్టాలన్న తగువు తేలేలోపల వేసవి అయిపోతుంది. అద్దె పెంచేటప్పుడు రంగు వేయించిన గోడలు చూపించే యజమాని కప్పుకు కూడా ఒక పూత వేయిస్తే ఆయన స్లాబుకే ఆయుస్సు.

కప్పు మీద సౌర పలకల సంగతి ఇందుకు భిన్నం కాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల పలకలకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయనుకుంటే సొంత డాబా ఉన్నవారికి అది మంచి బేరం. అద్దెవారికి, అపార్టుమెంటులో మూడో అంతస్తు వారికి అది పేపర్లో చదువుకునే వార్త మాత్రమే.

ఎ.సి., గీజరు, ఫ్రిజ్

ఎ.సి. ఉన్న ఇంట్లో రాత్రి ఎనిమిది గంటలకు ఏడెనిమిది యూనిట్లు పోవడం మామూలు. పాతదయితే ఇంకా ఎక్కువ. డిగ్రీ పెంచితే నూటికి ఆరు వంతుల చొప్పున కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. 2020 జనవరి నుంచి కొత్త ఎ.సి.లన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేటట్లు నిబంధన పెట్టారు. కొన్న వారం రోజులకే దాన్ని 18కి దింపి, దుప్పటి కప్పుకొని పడుకునేవారిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు! 26 దగ్గర పెట్టి నెమ్మదిగా ఫ్యాను వేసుకుంటే నిద్ర ఎక్కడికీ పోదు. జల్లెడ నెలకోసారి కడుక్కోవాలి.

గీజరు లెక్క తేలిక. పదిహేను లీటర్ల నీటిని ముప్పయి డిగ్రీలు వేడెక్కించడానికి అర యూనిటు పైచిల్లర కావాలి. నలుగురు నాలుగుసార్లు వాడితే రోజుకు రెండు యూనిట్లు. కృష్ణా తీరంలో చలి ఉండేది ధనుర్మాసం చుట్టుపక్కల రెండు నెలలే. ఫాల్గుణం దాటాక మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు వాటంతటవే కాలుతుంటాయి. అయినా కొన్ని ఇళ్లలో గీజరు స్విచ్చి ఏడాది పొడవునా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. ఫ్రిజ్‌కు నాలుగువైపులా కాస్త గాలి తగలాలి. తలుపు రబ్బరు పట్టు వదిలిందో లేదో ఒక కాగితం ఇరికించి లాగితే తెలుస్తుంది. కాగితం జారివస్తే చల్లదనమూ జారిపోతున్నట్లే. నీళ్ల మోటారు సంగతి చెప్పనక్కరలేదు. ట్యాంకు పొంగి వీధిలో కాలువ కట్టేదాకా ఆగని మోటార్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఒక హార్సు పవరు మోటారు గంటకు యూనిటుకు దగ్గరగా లాగుతుంది.

ఎవరికి చెప్పకూడదు

పొదుపు మాట అందరికీ చెప్పదగింది కాదు. ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టి.వి.తో నెలకు అరవై యూనిట్లు కాల్చే ఇల్లు ఇంకేమి తగ్గించాలి? అటువంటి ఇళ్లలో పొదుపు పేరిట ముసలివారి గదిలో ఫ్యాను ఆపడం ప్రమాదం. 2015 మే నెల ఎండల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోహిణీ కార్తెలో గాలి ఆడని రేకుల ఇంట్లో ఫ్యాను మందుతో సమానం. బిల్లుకు భయపడి దాన్ని ఆపుకునే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. తగ్గించవలసింది 225 దాటిన ఇళ్లు. సాయం అందవలసింది 75 లోపు ఇళ్లకు.

పొదుపు చెప్పడమంటే రేట్లకు తల ఊపడమని అనుకోనవసరం లేదు. కరెంటు రేటు తెలుగునాట చిన్న విషయమేమీ కాదు. 2000లో రేట్ల పెంపు మీద రేగిన ఆందోళన ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా పోయింది. ప్రాణాలు పోయాయి. నియంత్రణ మండలి ఏటా రేట్లు ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడికి వెళ్లి నోరు విప్పే వినియోగదారులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంతమంది. వాటాల మీటరు సంగతి, వాయిదాల మీద ఫ్యాన్ల సంగతి అక్కడ ఎవరో ఒకరు లేవనెత్తవలసి ఉన్నది.

ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 1979 నుంచి ఈ జిల్లా ఆకాశంలో పొగ కలుపుతున్నది. అక్కడ ఒక యూనిటు కరెంటు పుట్టాలంటే ముప్పావు కిలోకు అటూ ఇటూగా బొగ్గు కాలాలి. బూడిద ఆ చుట్టుపక్కల ఊళ్ల మీదనే పడుతుంది. నెలకు 54 యూనిట్లు మిగిల్చే మూడు ఫ్యాన్లంటే ఇంటికి ముప్పయి అయిదు నలభై కిలోల బొగ్గు. బెజవాడలో ఎన్ని ఇళ్లున్నాయో ఆ కొండపల్లి వైపు ఊళ్లవారు లెక్క వేసుకోవచ్చు.

ఇంట్లో మొదలుపెట్టదలచినవారికి ఖర్చులేని పని ఒకటి ఉన్నది. గోడకు వేలాడే కాలెండరు మీద పాల లెక్క, చాకలి పద్దు రాసుకునే చోటనే ప్రతి ఆదివారం మీటరు అంకె కూడా రాసుకోవడం. వారానికి 50 యూనిట్ల చొప్పున పోతుంటే నెలకు 225 లోపల ఉన్నట్లు. 60 దాటితే పై మెట్టు ఎక్కుతున్నట్లు. నెలాఖరున చీటీ చూసి ఉలిక్కిపడడం కంటె రెండో ఆదివారమే తెలిసిపోతుంది. ఇంట్లో అన్నీ ఆర్పి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, మీటరు మీది చిన్న ఎర్ర దీపం ఇంకా మిణుకుమంటున్నదేమో ఒకసారి చూడాలి. మిణుకుమంటే ఎక్కడో లీకు ఉన్నట్లు. పక్క వాటా తీగ ఈ మీటరులోంచి పోతున్నదేమో కూడా అప్పుడే బయటపడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచేది అప్పుడు. నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యానుకు కండెన్సరు మార్పించే పని కూడా అదే రోజు పెట్టుకోవచ్చు. వాటాల్లో ఉన్నవారు ఆదివారం అంకెలతో యజమాని దగ్గరకు వెళితే విడి మీటరు మాట అడగడం తేలిక. మీటరు దరఖాస్తులు మాఘంలో పెట్టుకుంటే ఎండలు ముదిరేలోపల గోడకు రెండో పెట్టె వస్తుంది.